గడప అవతలి మాట

బాగేపల్లి అంగట్లో భూమిక అడుగుపెట్టి పట్టుమని పది నిమిషాలు కాలేదు, ఆమెను బయటికి పంపించేశారు.

పంపించినవాడు నందకిశోర్. అంగడి అతనిదే. అంటే, అతని అవ్వ వనజమ్మది. ఆమె పెనిమిటి మునికృష్ణప్ప చింతామణిలో పెట్టిన మిఠాయి అంగడి ఇప్పుడు మూడు ఊళ్ళలో ఉంది. చింతామణిలో పాతది, చిక్కబళ్ళాపురంలో నడిమిది, బాగేపల్లిలో హైవే పక్కన మొన్నమొన్నటిది. ఆ మొన్నమొన్నటిదాన్ని నిలబెట్టే పని మనవడి నెత్తిన పడింది.

భూమికది చిక్కబళ్ళాపురం. తాతల కాలం దాకా గుడిలో పూజలు చేసిన ఇల్లు. నాన్న శ్రీధర మాత్రం బ్యాంకు ఉద్యోగి. భూమిక బెంగళూరులో ఒక పెద్ద కంపెనీలో ఉద్యోగులకు ట్రైనింగ్ ఇచ్చే పని చేసేది. రోజూ రైల్లో నిలబడి పోలేక, నిలబడి రాలేక, ఊరి దగ్గర ఏదో ఒకటి దొరికితే చాలనుకుని వనజమ్మ దగ్గర చేరింది. దసరా దాకా ఒప్పందం. ఆ తర్వాత సంగతి ఆ తర్వాత.

చేరేటప్పుడు వనజమ్మ ఎక్కువ మాట్లాడలేదు.

"చూడమ్మా, అంగట్లో కూర్చుని తినేవాళ్ళు తినేసి పోతారు. నాకు హైవే మీద పోయే కార్ల డిక్కీలు నిండాల. మా ప్యాకెట్టు ఏ ఊర్లో కొన్నా రుచి ఒకటే ఉండాల. దానికి మావాళ్ళకు ఏం తరబేతి కావాలో అది ఇయ్యి."

తరబేతి అంటే ఆ ప్రాంతంలో ట్రైనింగే. అంత తేటగా చెప్పే యజమాని బెంగళూరులో కూడా దొరకదు. కానీ కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అన్నారా? భూమిక ఆ మాట సగమే విని, పాత కంపెనీలో వాడిన స్లైడ్లన్నీ ల్యాప్‌టాప్‌లో వేసుకుని బాగేపల్లి బస్సెక్కింది.

మొదటి క్లాసు టైమ్ మేనేజ్‌మెంట్. నిప్పట్ల డబ్బాలకూ కారప్పూస లాంటి కారాసుల బుట్టలకూ మధ్య తెల్లటి గోడ మీద ఆమె ప్రొజెక్టర్‌తో బొమ్మలు వేసి చూపిస్తూంటే, వెనక చేతులు కట్టుకుని నిలబడిన కిశోర్ గొంతు సవరించుకున్నాడు.

"మేడం, చిన్న డౌటు."

"అడగండి సార్."

"ఈ క్లాసు అయిపోయినాక మాకు ప్యాకెట్లు ఎన్ని ఎక్కువ అమ్ముడుపోతాయి?"

"అలా లెక్క చెప్పలేం సార్. అది నాకు తెలీదు."

అంతే. అంగడి అంగడంతా బిగుసుకుపోయింది. పెద్ద వంటమనిషి కొండప్ప చేతిలో జల్లిగరిట గాల్లోనే ఆగింది. కౌంటర్లో ఉండే అర్పిత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ప్యాకింగ్ చేసే దేవరాజ్ గోడమీది లక్ష్మి పటానికేసి క్షమాపణ అడిగినట్టు చూశాడు.

"మేడం, ఒక్కసారి బయటికి రండి," అన్నాడు కిశోర్.

"ఎందుకు?"

"రండి, చెప్తా."

గడప దాటి రేకుల కిందికి వచ్చాక అతను చెంబుతో నీళ్ళు తెచ్చాడు. "కాళ్ళు కడుక్కుని, కుడికాలు ముందు పెట్టి మళ్ళీ లోపలికి రండి."

"నేనేం తప్పు చేశానండీ?"

"గడప లోపల ఆ మాట అనగూడదు మేడం. సరుకు లేదనగూడదు, సంగతి తెలీదనగూడదు. మా తాత పెట్టిన కట్టుబాటు. ఆ మాటలు వింటే లక్ష్మి లేచి పోతాదంట."

"ఇది మీరు నమ్ముతారా?"

"మా అవ్వ నమ్ముతాది. అంగడి మా అవ్వది. కాబట్టి నేనూ నమ్ముతా."

అంటున్నప్పుడు అతని మీసం కింద నవ్వుందో లేదో భూమిక తేల్చుకోలేకపోయింది. కోపంతో కాళ్ళు కడుక్కుని, ఆ కోపంలోనే ఎడమకాలు ముందు పెట్టేసింది.

"మేడం!" అని అరిచాడు దేవరాజ్ లోపలినుంచి.

మళ్ళీ బయటికి, మళ్ళీ చెంబు, మళ్ళీ నీళ్ళు. ఈసారి కిశోర్ నవ్వు దాచుకోలేదు. ఆ సాయంత్రం ఇంటికి పోయి భూమిక వాళ్ళమ్మతో, "అంత పొగరుబోతును నేనెక్కడా చూడలేదు," అని భోజనం అయ్యేదాకా చెప్పింది. అమ్మ మజ్జిగ పోస్తూ, "అయితే రేపు పోవద్దులే," అంది. "ఎందుకు పోను? పోతా," అంది భూమిక.

*

పోయింది. వారంలో సగం రోజులు బాగేపల్లి, మిగతావి చింతామణి, చిక్కబళ్ళాపురం. స్లైడ్లు మార్చింది. చింతామణిలో పెద్ద వంటమనిషి పిళ్ళప్ప దగ్గర కూర్చుని ఏ మిఠాయిలో ఏముంటుందో రాసుకుని, ఆ పాఠమే మూడు ఊళ్ళలోనూ చెప్పింది. కజ్జికాయ అంటే కొబ్బరి, చక్కెర, యాలకులు. నిప్పట్టు అంటే బియ్యప్పిండి, వేరుశనగ, పుట్నాలపప్పు. ఇట్లా.

"అర్థమైందా?"

"అర్థమైంది మేడం!" అందరూ ఒక్క గొంతుతో.

పరీక్ష పెడితే అందరికీ నూటికి నూరు. భూమిక పొంగిపోయింది.

సాయంత్రాలు చిక్కబళ్ళాపురం బస్సు వచ్చేదాకా కిశోర్ ఆమెతోపాటు స్టాండులో నిలబడేవాడు. మొదట్లో మర్యాదకనుకుంది. తర్వాత ఏమీ అనుకోకుండా అతని కోసం చూడటం అలవాటైంది. చేతిలో ఎప్పుడూ ఒక పొట్లం ఉండేది, వేడివేడి కారాసులో, ఉల్లిపాయ పకోడీనో.

"మీ క్లాసులో అందరికీ అన్నీ అర్థమైపోతాండాయి మేడం. నాకు అదే భయంగా ఉండాది."

"మీకు పిల్లలు పాసైనా బాధేనా?"

"గంగిరెద్దు కూడా అడిగినదానికంతా తలాడిస్తాది. దానికేం అర్థమైందో ఎవరికి తెలుసు?"

"మీరు మనుషులను గంగిరెద్దులంటున్నారు."

"నన్ను కూడా కలుపుకునే అంటాండా. మీరు చెప్తాంటే నేనూ తలాడిస్తా. కాకపోతే నేను పాఠం వినడం..." అని ఆగిపోయి పొట్లం ముందుకు చాచాడు. "తినండి, చల్లారిపోతాది."

ఆ పొట్లం తిన్నంతసేపూ భూమికకు చెవులు వేడిగా ఉన్నాయి. కారం వల్లనే అయ్యుంటుందని సర్దిచెప్పుకుంది.

ఇంకో సాయంత్రం అతను నవ్వకుండా మాట్లాడాడు. బెంగళూరులో సూపర్ మార్కెట్లు నడిపే ఒక పెద్ద కంపెనీ వాళ్ళు దసరాకు ముందు బాగేపల్లి వచ్చి చూస్తారు. వాళ్ళకు నచ్చితే ఈ ప్యాకెట్లు వాళ్ళ అంగళ్ళన్నిటికీ పోతాయి. నచ్చకపోతే బాగేపల్లి అంగడి మూసేసి, ఆ చోటు మొబైల్ షోరూముకు బాడుగకు ఇచ్చేస్తానని వనజమ్మ తేల్చి చెప్పింది.

"మూసేస్తే మీరు?"

"చింతామణి గోడౌన్లో బస్తాలు లెక్కపెట్టుకుంటా. ఆడ నేను మునికృష్ణప్ప మనవణ్ణి. ఎవరడిగినా అదే చెప్తారు. ఈడొక్కచోటే నేను కిశోర్‌ని." అతను రోడ్డుకేసి చూశాడు. "మూసేస్తే మీరు కూడా ఇంటికే కదా మేడం."

ఇంటికే. అది తెలిసిన సంగతే. కానీ అతను అనేసరికి భూమికకు గుండెలో కలుక్కుమంది. ఈ అంగడి మూతపడకూడదు, ఎట్లాగైనా సరే, అనుకుంది బస్సెక్కుతూ. ఎవరికోసం అనుకుంటున్నానో మాత్రం తనను తాను అడగలేదు.

*

బాగేపల్లిలో వాన పడ్డమే ఒక వార్త. ఆ రోజు మధ్యాహ్నం ఆ వార్త గట్టిగానే వచ్చింది. హైవే మీద పోయే కార్లు వరసగా ఆగాయి. హైదరాబాదు పోతున్న ఒక కుటుంబం తడుస్తూ లోపలికి వచ్చింది. తల్లి కౌంటర్ దగ్గర కజ్జికాయలు చూపించి అడిగింది.

"వీటిల్లో వేరుశనగ ఏమైనా కలుపుతారా? మా పాపకు అది అస్సలు పడదు."

అర్పిత ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "కొబ్బరి, చక్కెర, యాలకులు మేడం. అంతే."

పాప కారు ఎక్కకముందే ఒకటి తినేసింది. కాసేపటికే పెదాలు ఉబ్బాయి, ఊపిరి పీల్చుకోవడం కష్టమైంది. కిశోర్ తన కారు తీసి వాళ్ళను ఆసుపత్రికి తీసుకుపోయాడు. పాప తల్లి చెయ్యి పట్టుకుని భూమిక వెనక సీట్లో కూర్చుంది. డాక్టరు సూది వేశాక పాప గులాబీరంగు ఫ్రాకు సర్దుకుంటూ "నాకు చాక్లెట్ కావాలి," అనేదాకా అందరూ ఆ వరండాలోనే నిలబడ్డారు. కిశోర్ తెచ్చిన కాఫీ కప్పు అతని చేతిలోనే చల్లారిపోవడం భూమిక చూసింది. ఆ కప్పు అందుకుంది.

పాప తండ్రి కేకలు వెయ్యలేదు. వేసి ఉంటే బాగుండేదేమో.

"మీ అమ్మాయి తెలియదని చెప్పి ఉంటే మేం కొనేవాళ్ళం కాదు," అన్నాడు. "అంతేనండీ."

అంగడికి తిరిగొచ్చేసరికి అర్పిత ఏడుస్తోంది. ఊరికి పోయే బస్సు కూడా ఎక్కకుండా కూర్చుంది.

"నాకు డౌటొచ్చింది మేడం. కొండప్పన్న వేరుశెనక్కాయలు వేయించి పొడి కొడతాంటే వాసనొచ్చేది. అది నిప్పట్లకో, కజ్జికాయలకో నాకు..."

ఆ మాట దగ్గర ఆగిపోయింది. లక్ష్మి పటం వైపు చూసింది. లేచి, గబగబా నడిచి, గడప దాటి వానజల్లులో నిలబడి అప్పుడు చెప్పింది.

"నాకు తెలీదు మేడం!"

చెప్పి వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుస్తున్న పిల్ల కూడా ఆ మాట కోసం గడప దాటి పోవడం భూమిక చూసింది. అందరికీ నూటికి నూరు ఎందుకొచ్చిందో అప్పుడు అర్థమైంది. అంగట్లో తెలీదనడానికి వీల్లేదు. తెలీదనలేనివాడు ఎట్లా అడుగుతాడు? అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడగనివాళ్ళకు తను రోజూ వడ్డించి, అందరి కడుపులూ నిండాయనుకుంది.

కొండప్ప కూడా బయటికి వచ్చాడు. మామూలుగా అయితే తనంతటి వంటవాడు తాలూకాలోనే లేడని రోజుకోసారి చెప్పుకునే మనిషి. ఇప్పుడు తల ఎత్తడం లేదు.

"పిళ్ళప్ప కజ్జికాయ కంటే నాది బాగుండాలని పొడి కలిపినా. నా గుట్టు నేను దాచుకున్నా. క్లాసులో మేడం కొబ్బరి అంటే లోపల్లోపల నవ్వుకున్నా. శెనక్కాయ ఒక బిడ్డకు ఇంత చెరుపు చేస్తాదని నాకు తెలీదు."

భూమిక గడప దాటి వాళ్ళ పక్కన నిలబడింది.

"చింతామణిలో విన్నది తెచ్చి ఈడ చెప్పేసినాను. ఈడ ఏం కలుపుతాండారో నాకు తెలీదు. అడగను కూడా అడగలేదు. తప్పు నాదే ముందు."

స్లైడ్ల తెలుగు పోయి చిక్కబళ్ళాపురం తెలుగు వచ్చేసింది. కిశోర్ అది విన్నాడు. అతనూ వచ్చి ఆ వరసలో, ఆమె పక్కన నిలబడ్డాడు.

"తెలీదనడానికి మీరు పడే భయం నాకు ముందే తెలుసు. ఏం చెయ్యాలో తెలీక నవ్వులాటగా తిరిగినా," అన్నాడు. ఆ రాత్రే అవ్వకు ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాడు. వనజమ్మ అంతా విని, "బిడ్డ బాగుండాది కదా?" అని రెండుసార్లు అడిగి పెట్టేసింది.

*

మర్నాడు భూమిక ప్రొజెక్టర్ తేలేదు.

"సార్, పొద్దున అంగడి తెరవకముందు నాకు అరగంట ఇస్తారా?"

"తెరిచేది లేటైతే టిఫిన్ టైము కార్లన్నీ ముందుకు పోతాయి. అవ్వకు తెలిస్తే నా తోలు తీస్తాది."

"ఇస్తారా, ఇవ్వరా?"

"ఇస్తా. యాడ కూర్చుంటారు?"

"కూర్చోం. గడప అవతల నిలబడతాం. మీ తాత కట్టుబాటు గడప లోపలికే కదా?"

కిశోర్ ఆమెను ఎగాదిగా చూసి, పెద్దగా నవ్వేశాడు. అంత మంచి నవ్వు ఇన్నాళ్ళూ ఎక్కడ దాచాడో అనుకుంది భూమిక.

అట్లా మొదలైంది బయటి క్లాసు. పొద్దున్నే రేకుల కింద అందరూ నిలబడేవాళ్ళు. నిన్న వచ్చినవాళ్ళు ఏం అడిగారు, దేనికి జవాబు చెప్పలేకపోయాం, అది ఎవరికి తెలుసు, వాళ్ళ దగ్గరికి ఎవరు పోయి నేర్చుకుంటారు, ఇవే మాటలు. డిక్కీలు నింపాలంటే కారులో వచ్చినవాడి ప్రశ్నలే పాఠాలు. వనజమ్మ మొదటి రోజే చెప్పింది ఇదే. భూమికకు చెవికెక్కడానికి ఇన్నాళ్ళు పట్టింది. కొండప్ప చింతామణి పోయి పిళ్ళప్ప పక్కన నిలబడి పిండి కలిపాడు. పిళ్ళప్ప ఇక్కడికి వచ్చి కొండప్ప నిప్పట్టు నేర్చుకుని, ఒప్పుకోలేక ఒప్పుకోలేక బాగుందన్నాడు. కొండప్ప కజ్జికాయలో శెనక్కాయ పొడి మానేశాడు, మూడు ఊళ్ళలోనూ కజ్జికాయ ఒక్కటే అయింది. ఏ ప్యాకెట్లో ఏముందో పైన అచ్చు వేయించారు.

మొదట్లో తెలీదనడానికి అందరికీ నోరు రాలేదు. అందుకని భూమిక ఒక పద్ధతి పెట్టింది. చివర్లో ఎవరో ఒకరు తమకు తెలియనిది ఏదైనా సరే ఒకటి చెప్పాలి. దేవరాజ్ తనకు ఈత తెలీదన్నాడు. అర్పిత వాళ్ళ ఊరు పాతపాళ్యలో ఫోన్ సిగ్నల్ ఒక్క నీళ్ళ ట్యాంకు దగ్గరే ఎందుకు వస్తుందో తెలీదంది. ఒకరోజు కిశోర్ వంతొచ్చింది.

"దసరా అయినాక మేడం ఈడుంటారో పోతారో నాకు తెలీదు."

అందరూ భూమిక వైపు తిరిగారు. ఆమె ఏమాత్రం తడుముకోలేదు.

"నా వంతు కూడా ఇప్పుడే చెప్పేస్తా. బస్టాండులో బస్సులు వాటంతట అవే వస్తాయి. ఒకాయన రోజూ అంగడి వదిలేసి, నేను ఎక్కేదాకా ఆడ ఎందుకు నిలబడతాడో నాకు తెలీదు."

"అది మాకు తెలుసు మేడం," అన్నాడు దేవరాజ్.

కొండప్ప వాడి నెత్తిమీద ఒక్కటిచ్చాడు. కిశోర్ షట్టరు తాళంచెవి కోసం జేబులన్నీ వెతికాడు. అది అతని చేతిలోనే ఉంది.

*

సూపర్ మార్కెట్ కంపెనీనుంచి వచ్చినావిడ పేరు శశికళ. గట్టి మనిషి. వంటిల్లు చూసింది, నూనె చూసింది, గోళ్ళు చూసింది. పోతూపోతూ ఒబ్బట్ల ప్యాకెట్టు చేతిలోకి తీసుకుని దేవరాజ్‌ను కన్నడంలో అడిగింది. ఎండాకాలం మూసిన కారులో పొద్దుననుంచి సాయంత్రం దాకా పెడితే ఇది చెడిపోతుందా?

దేవరాజ్ ముఖం పాలిపోయింది. కిశోర్ వైపు చూశాడు, భూమిక వైపు చూశాడు. తర్వాత చేతులు తుడుచుకున్నాడు.

"మేడం, ఒక్క నిమిషం బయటికి రండి."

అంత పెద్దావిడను గడప దాటించి, వాన తుంపరలో నిలబెట్టి చెప్పాడు. "అది నాకు తెలీదు మేడం. ఉండండి, కొండప్పన్నను అడిగి చెప్తా."

అడిగి వచ్చి, ఎండలో మూసిన కారులో అయితే పెట్టొద్దని, నీడలో అయితే రాత్రిదాకా భయం లేదని చెప్పాడు. శశికళ చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంది. కారెక్కి వెళ్ళిపోయింది.

వెళ్ళిపోయాక ఏ కబురూ లేదు. ఒక రోజు, ఇంకో రోజు, వారం. మొబైల్ షోరూమువాళ్ళు వచ్చి టేపు పెట్టి గోడలు కొలుచుకుపోయారు. బస్టాండులో కిశోర్ పొట్లం తెచ్చాడు గానీ ఇద్దరూ విప్పలేదు. చెప్పాల్సిన మాట భూమిక నోటిదాకా వచ్చింది. అంగడి పోతున్న మనిషికి ఇప్పుడు ఈ మాట చెబితే జాలిపడి చెప్పిందనుకుంటాడని మింగేసింది. బస్సు కదిలాక కిటికీలోంచి చూస్తే అతను ఇంకా అక్కడే ఉన్నాడు, పొట్లం పట్టుకుని. ఆమెకు ఏడుపొచ్చింది.

ఆదివారం పొద్దున, సన్నగా వాన పడుతుండగా, అందరూ రేకుల కింద నిలబడి ఉన్నారు. రేకు కారుతోందని కిశోర్ భూమిక నెత్తిన గొడుగు పట్టాడు. అప్పుడొచ్చి ఆగింది చింతామణి కారు. వనజమ్మ దిగింది.

"అంగడి మూసిపెట్టి, పెండ్లికి నిలబడినట్టు నిలబడినారే అందరూ!"

కిశోర్ గొడుగు దించాడు. మళ్ళీ ఎత్తాడు. "నేనే చెప్పినా అవ్వా. రోజూ అరగంట లేటుగా తెరుస్తాండాం. తెలీనివి ఈడ చెప్పుకుంటాండాం. లోపల అనగూడదు కదా."

"వానలో కూడానా?"

"వానలో కూడా."

వనజమ్మ ఒక్కొక్కరి ముఖమూ చూసుకుంటూ వచ్చి భూమిక దగ్గర ఆగింది.

"రాత్రి ఆ శశికళమ్మ ఫోన్ చేసింది. 'ఇన్ని కంపెనీలు చూసినా, తెలీదని చెప్పి, పోయి కనుక్కొని వచ్చినోణ్ణి మీ దగ్గరే చూసినా. సరుకు తీసుకుంటాం. కానీ ఆ మాట చెప్పడానికి నన్ను వానలోకి ఎందుకు తీసుకుపోయినాడు?' అని అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది."

దేవరాజ్ కొండప్ప వెనక్కు జరిగాడు. కొండప్ప మాత్రం సరుకు తీసుకుంటాం అన్న దగ్గరే ఆగిపోయి, పైపంచెతో కళ్ళొత్తుకున్నాడు.

"మీ తాత ఎందుకు పెట్టినాడో ఆ కట్టుబాటు నేను మీకు చెప్పలేదు," అంది వనజమ్మ. "మీ తాత తోపుడుబండి తోసే నాటినుంచి ఉన్న పనోడొకడు అంగట్లో ఏమడిగినా తెలీదని గోళ్ళు గిల్లుకునేవాడు. వాడి సోమరితనానికి వేసిన ముక్కుతాడు అది. మీ తాత పోయినాక ఆయన మాటని పట్టుకుని ఉండిపోయినా. పదండి లోపలికి. ఇంకమీద ఏం తెలీకున్నా లోపలే చెప్పండి. చెప్పి, కనుక్కోండి."

కిశోర్ గొడుగు భూమిక చేతికిచ్చి షట్టరు పైకి ఎత్తాడు. అందరూ లోపలికి వచ్చారు గానీ ఆ మాట మొదట ఎవరంటారో చూద్దామన్నట్టు ఎవరికి వాళ్ళు నోళ్ళు మూసుకున్నారు. వనజమ్మ లక్ష్మి పటం ముందు దీపం వెలిగించి గల్లాపెట్టె దగ్గర కూర్చుంది.

"కిశోరూ, ఈ మేడం ఒప్పందం దసరాతో అయిపోతాది కదా."

"అవునవ్వా."

"అయిపోయినాక ఈ పిల్ల నీకేమౌతాది?"

కిశోర్ కాళ్ళు వాటంతట అవే గడప వైపు కదిలాయి.

"యాడికి పోతావు? ఈడనే చెప్పు!"

కిశోర్ ఆగాడు. లక్ష్మి పటం కింద, అందరి ముందర, గట్టిగా ఊపిరి తీసుకున్నాడు.

"తెలీదు అవ్వా."

పటం కదల్లేదు. దీపం కూడా అట్లాగే వెలుగుతోంది. దేవరాజ్ అదే చూస్తున్నాడు.

"తెలీకపోతే ఏం చెయ్యాల?"

"అడగాల." అతను భూమిక వైపు తిరిగాడు. మేడం అనే మాట ఆ రోజుతో ఎక్కడో జారిపోయింది. "భూమికా..."

"నాకు తెలుసు," అంది భూమిక.

"ఏం తెలుసు?"

"మీరంటే నాకిష్టం. రోజూ ఆ చిక్కబళ్ళాపురం బస్సు రాకుండా పోతే బాగుండని మొక్కుకునేంత ఇష్టం. మీరు పొగరుబోతని మా అమ్మకు చెప్పిన రోజునుంచీ ఇష్టమేనేమో, అప్పుడు నాకు తెలీలేదు."

కొండప్ప జల్లిగరిటతో బాణలి మీద టంగుమని ఒక్కటి కొట్టాడు. అర్పిత చప్పట్లు కొట్టింది. కిశోర్ ఏదో అనబోయి, అనలేక, ఆమె ఇంకా చేతిలో పట్టుకుని ఉన్న తడిగొడుగును తీసుకుని ఎంతో జాగ్రత్తగా ముడిచి, ఎక్కడ పెట్టాలో తెలియక మళ్ళీ ఆమెకే ఇచ్చాడు.

వనజమ్మ నవ్వు ఆపుకుంటూ అడిగింది. "మీ నాయన ఏమంటాడమ్మా?"

"తెలీదమ్మా."

"మీది గుడి ఇల్లు. మాది అంగడి ఇల్లు. పెద్దదాన్ని, అడిగేది నా వంతు." కాసేపు గల్లాపెట్టె మీద వేళ్ళు ఆడించింది. తర్వాత మెల్లగా అంది. "ఏమంటాడో నాకూ తెలీదు."

అందరూ ఒక్కసారి ఆమెవైపు తిరిగారు. వనజమ్మ నోట, గడప లోపల, ఆ మాట ఎవరూ ఎన్నడూ వినలేదు.

"ఏంది అందరూ నన్నట్లా చూస్తారు? తెలీకపోతే పోయి కనుక్కుంటాం. ఈ పొద్దు ఆదివారమే కదా, ఆయన ఇంట్లోనే ఉంటాడు. కారు వాకిట్లోనే ఉండాది. అర్పితా, ఉత్త చేతులతో పోగూడదు, నిప్పట్లు ఒక పెట్టె కట్టమ్మా."

అర్పిత పెట్టె తీసింది. నిప్పట్ల డబ్బా మూత తెరిచింది. చెయ్యి లోపలికి పెట్టబోయి ఆగి, వెనక్కి తిరిగింది.

"మేడం, వీటిల్లో శెనక్కాయ ఉండాది. మీ నాయనకు పడతాదా?"

భూమిక ఆ పిల్ల ముఖంలోకి చూసింది. ఇన్నాళ్ళూ తాను చెప్పిన పాఠాలన్నీ ఆ ఒక్క ప్రశ్నలో కనిపించాయి.

"పడతాది అర్పితా," అంది. పెట్టె కదలకుండా తానే పట్టుకుంది. కిశోర్ పక్కకు వచ్చి నిలబడ్డాడు. అర్పిత నిప్పట్లు లెక్కచూసుకుంటూ పెట్టెలో సర్దసాగింది.